బెంగళూరులో ప్రభుత్వాలు ఓడిపోతాయి, ఎమ్మెల్యేలు ఎందుకు ఓడిపోరు?

ప్రశ్న అడిగినవారు బెంగళూరు తూర్పు వైపు ఒక అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి, సొంత ఊరు చిత్తూరు దగ్గర. వారు రాసింది క్లుప్తంగా ఇది: "మా వైపు రోడ్డు, నీళ్లు రెండూ ఏళ్లుగా ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎమ్మెల్యే మాత్రం మారరు. టీవీ పెడితే ప్రతి ఎన్నికకూ ప్రభుత్వ వ్యతిరేకత అంటారు. అమెరికాలో మాత్రం పదవిలో ఉన్నవారిదే గెలుపని చదివాను. అసలు పదవిలో ఉండటం అభ్యర్థికి లాభమా, నష్టమా? రేపు కార్పొరేషన్ ఎన్నికలు పెడితే మా సంఘం తరఫున ఒకరిని నిలబెడదామనుకుంటున్నాం, ఆశ పెట్టుకోవచ్చా?"

సూటిగా చెబుతాను. మన దేశంలో పదవి పార్టీకి ఎక్కువగా నష్టం. బెంగళూరు లాంటి నగరంలో అదే పదవి ఎమ్మెల్యేగా ఉన్న మనిషికి ఎక్కువగా లాభం. ఈ రెండు గాలులూ ఒకే రోజు, ఒకే పోలింగ్ కేంద్రంలో వీస్తాయి కాబట్టి టీవీ చర్చ వింటే ఒకటి అనిపిస్తుంది, మన వీధి ఫలితం చూస్తే ఇంకొకటి అనిపిస్తుంది. కార్పొరేషన్ సంగతి మళ్లీ వేరు, దాన్ని చివర్లో చెబుతాను.

నేను లెక్కలు రాసే మనిషిని. ఎన్నికల్లో నిలబడినవారికి ఖర్చుల రిజిస్టరు రాసిపెట్టడం, బిల్లులు సరిచూడటం, పరిశీలకుడు పిలిచినప్పుడు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లడం, ఓట్ల లెక్కింపు రోజు బల్ల దగ్గర కూర్చోవడం ఈ నగరంలో చాలాకాలంగా నా పని. ఈసారి ఒక పార్టీ అభ్యర్థికి చేస్తే వచ్చేసారి ఇంకో పార్టీవారికి చేస్తాను. ఉపన్యాసాలు వినే తీరిక నాకు దొరకదు, రసీదులు మాత్రం నా చేతుల మీదుగానే పోతాయి. కాబట్టి నా మాటల్లో సిద్ధాంతం తక్కువ, చిల్లర వివరాలు ఎక్కువ ఉంటాయి.

ముందు రాష్ట్రం సంగతి చూద్దాం. కర్ణాటకలో అధికారంలో ఉన్న పార్టీ అసెంబ్లీ ఎన్నికల్లో తిరిగి గెలిచింది చివరిసారిగా 1985లో. అదీ మామూలు గెలుపు కాదు. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో రామకృష్ణ హెగ్డే నాయకత్వంలోని జనతా పార్టీకి 28 స్థానాల్లో నాలుగే వచ్చాయి. ప్రజలు తనను కాదన్నారంటూ ఆయన రాజీనామా చేసి కొత్త తీర్పు కోరారు. కొద్ది నెలల్లోనే అదే ఓటర్లు అసెంబ్లీలో 224కి 139 స్థానాలు ఇచ్చారు. ఆ తర్వాత 2023 వరకు జరిగిన ప్రతి అసెంబ్లీ ఎన్నికలోనూ పాలిస్తున్న పార్టీని ప్రజలు దించేశారు, లేదా మెజారిటీకి దూరంగా నిలబెట్టారు. 2018లో ముఖ్యమంత్రిగా ఉన్న సిద్ధరామయ్యే చాముండేశ్వరిలో 36 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడి, బాదామిలో 1,696 ఓట్లతో బయటపడ్డారు. 2023లో పదిమందికి పైగా మంత్రులతో పాటు స్పీకర్ కాగేరి కూడా ఓడిపోయారు.

ఇప్పుడు అవే ఫలితాల్లో బెంగళూరు పేజీ తిప్పండి. బీటీఎం లేఔట్‌లో రామలింగారెడ్డి, పద్మనాభనగర్‌లో ఆర్. అశోక, సర్వజ్ఞనగర్‌లో కె.జె. జార్జి, శాంతినగర్‌లో ఎన్.ఎ. హారిస్, బొమ్మనహళ్లిలో సతీశ్ రెడ్డి, యలహంకలో ఎస్.ఆర్. విశ్వనాథ్, బ్యాటరాయనపురలో కృష్ణ బైరేగౌడ, మల్లేశ్వరంలో అశ్వత్థనారాయణ. 2008లో నియోజకవర్గాల కొత్త హద్దులు వచ్చాక జరిగిన నాలుగు సాధారణ ఎన్నికల్లోనూ ఆయా చోట్ల వీరే గెలిచారు. ఇందులో కాంగ్రెస్‌వారూ ఉన్నారు, బీజేపీవారూ ఉన్నారు. ఈ పదిహేనేళ్లలో పైన ముఖ్యమంత్రులు ఎంతమంది మారారో మీకు తెలుసు.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 2018లో కాంగ్రెస్ రాష్ట్రంలో 122 నుంచి 80కి పడిపోయింది, నగరంలోని 28 స్థానాల్లో మాత్రం బీజేపీ కంటే కాంగ్రెస్‌కే ఎక్కువ వచ్చాయి. 2023లో బీజేపీ రాష్ట్రంలో 66కు దిగిపోయింది, నగరంలో మాత్రం కాంగ్రెస్ కంటే బీజేపీకే ఎక్కువ వచ్చాయి. అంటే రెండుసార్లూ రాష్ట్రం వద్దన్న పార్టీయే నగరంలో పెద్ద పార్టీ. బెంగళూరువారికి ప్రభుత్వం మీద ప్రత్యేకమైన ప్రేమ ఉందని దీని అర్థం కాదు. ఉన్న ఎమ్మెల్యేలు తమ తమ చోట్ల నిలదొక్కుకున్నారు, అంతే.

అయితే ఆ బలం మనిషిదా, స్థలానిదా? దీనికి 2023 ఎన్నికలే పరీక్ష పెట్టినట్టు జవాబు చెప్పాయి. అప్పుడు మంత్రిగా ఉన్న వి. సోమణ్ణ నగరంలో గోవిందరాజనగర్ ఎమ్మెల్యే. పార్టీ ఆయనను అక్కడి నుంచి తీసి వరుణలో సిద్ధరామయ్య మీద, దానితో పాటు చామరాజనగర్‌లో నిలబెట్టింది. రెండు చోట్లా ఓడిపోయారు. ఆయన వదిలిన గోవిందరాజనగర్ కూడా పార్టీ చేజారింది. ఆర్. అశోక అదే ఎన్నికలో పద్మనాభనగర్‌తో పాటు కనకపురలో డి.కె. శివకుమార్ మీద కూడా పోటీ చేశారు. సొంత చోట గెలిచారు, అక్కడ చిత్తుగా ఓడారు. అదే మనిషి, అదే మంత్రి పదవి, అదే ప్రభుత్వం మీద అదే కోపం. మారింది ఊరు ఒక్కటే. కృష్ణ బైరేగౌడ ఎమ్మెల్యేగా ఉంటూనే 2009లో బెంగళూరు దక్షిణం నుంచి, 2019లో బెంగళూరు ఉత్తరం నుంచి లోక్‌సభకు నిలబడి ఓడారు. పదవి తెచ్చే లాభం నియోజకవర్గం గట్టు దాటదు.

మన తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. 1989 నుంచి కుప్పం చంద్రబాబునే గెలిపిస్తోంది. 2004లో ఆయన పార్టీ 47 స్థానాలకు దిగినా, 2019లో 23కు దిగినా కుప్పం మాత్రం కదలలేదు. హిందూపురం 1983 నుంచి తెలుగుదేశాన్ని విడిచిపెట్టలేదు. 1989లో ఎన్టీఆర్ హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడారు. ముఖ్యమంత్రిగా ఉన్నవారికే ఇంకో ఊళ్లో ఆ గతి పట్టింది.

ఇక అసలు ప్రశ్న. ఈ లాభం ఎక్కడి నుంచి వస్తుంది?

నా రిజిస్టరు నుంచి మొదలుపెడతాను. అభ్యర్థికి ఎన్నికల అధికారి ఇచ్చే ఖర్చుల పుస్తకంలో మూడు రంగుల కాగితాలు ఉంటాయి. తెల్లవి రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకు ఖాతాకు. అసెంబ్లీ అభ్యర్థికి 2018లో పరిమితి 28 లక్షలు, 2022 నుంచి 40 లక్షలు. ప్రచార సమయంలో పరిశీలకుడు కనీసం మూడుసార్లు ఈ పుస్తకం తనిఖీ చేస్తాడు, ఫలితం వచ్చాక 30 రోజుల్లో మొత్తం లెక్క దాఖలు చేయాలి. వినడానికి చాలా కట్టుదిట్టంగా ఉంది కదా. కానీ చట్టం ప్రకారం ఈ లెక్క నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు వరకే. ముందే కొని దాచిన జెండాలు, కరపత్రాలు ఆ రోజుల్లో వాడితే అవీ కలుస్తాయి. దానికి ముందు గడిచిన నాలుగున్నరేళ్ల లెక్క ఏ కాగితం మీదా ఉండదు.

ఆ నాలుగున్నరేళ్లలో ఏం జరుగుతుందో బెంగళూరులో ఉన్నవారికి చెప్పనవసరం లేదు. గౌరీ పండుగకు బాగినాలు (ఆడవాళ్లకు ఇచ్చే వాయనాలు), వినాయకుడి మండపానికి చందా, ఓం శక్తి యాత్రకు బస్సులు, కుర్రాళ్ల క్రికెట్ పోటీకి కప్పు, బడి పిల్లలకు నోటు పుస్తకాలు. ఇవి ఎన్నికల ఖర్చు కాదని చట్టం అంటుంది. చట్టం ఆ మాట అన్నప్పుడల్లా నా వృత్తి మీద నాకే నవ్వు వస్తుంది.

ఒక పోలిక చూపిస్తాను, పేర్లు లేకుండా. ఒకే ఎన్నికలో ఒక సిట్టింగ్ అభ్యర్థి, అంటే అప్పటికే పదవిలో ఉన్నవారి పుస్తకం నా దగ్గర ఉంది, వేరే నియోజకవర్గంలో మొదటిసారి నిలబడిన ఒక డాక్టరుగారి పుస్తకం కూడా ఉంది. డాక్టరుగారి తెల్లకాగితాల మొదటి భాగమంతా ఒకటే పాట: పరిచయ కరపత్రం, ఫొటో మార్చి మళ్లీ పరిచయ కరపత్రం, ఆటోకు మైకు, ఇంకో ఆటోకు మైకు, పేరు బాగా కనిపించేలా టోపీలు. ఆయన ఎవరో జనానికి తెలియజేయడానికే డబ్బులో పెద్ద భాగం, రోజుల్లో ఇంకా పెద్ద భాగం కరిగిపోయాయి. సిట్టింగ్ అభ్యర్థి పుస్తకంలో పరిచయం అనే మాటే లేదు. వాహనాలు, కార్యకర్తల భోజనాలు, పోలింగ్ రోజు బూత్‌ల దగ్గర బల్లలు, కుర్చీలు. ఒకరు పరుగు మొదలుపెట్టేసరికి ఇంకొకరు సగం దూరంలో నిలబడి కాఫీ తాగుతున్నారు.

రెండోది ఆఫీసు. ఉదయం ఏడున్నరకు ఒక ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్లి కూర్చోండి, అన్నీ అర్థమవుతాయి. గుమ్మం దగ్గర బెంచీలు. ఆసుపత్రిలో మంచం కావాలని ఒకరు, బడిలో సీటుకు సిఫారసు లేఖ కోసం ఒకరు, ఇంటి ఖాతా (కార్పొరేషన్‌లో ఉండే ఆస్తి రికార్డు) మార్పు నెలల తరబడి ఆగిపోయిందని ఒకరు. నేను బిల్లుల కోసం వెళ్లిన ఒక చోట సహాయకుడి దగ్గర పొడవాటి పుస్తకం ఉండేది. పేరు, వార్డు, పని, ఫోను నంబరు. చివరి గడిలో, పని జరిగితే ఒక టిక్కు. పక్కనే తేదీల వారీగా రబ్బరు బ్యాండు వేసిన పెళ్లి, గృహప్రవేశం కార్డుల కట్టలు. ఎన్నికల షెడ్యూలు వచ్చిన రోజు ఆ పుస్తకం జిరాక్సు తీసి వార్డు వార్డుకూ పంచారు. టిక్కు ఉన్న ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్లాడు. ఎదుటి అభ్యర్థి ఎంత చదువుకున్నవారైనా అలాంటి పుస్తకం ఆరు వారాల్లో తయారు చేయలేరు.

దీనికి తోడు కర్ణాటకలో ఎమ్మెల్యేకు స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి రెండు కోట్లు. నగరంలో ఒక నియోజకవర్గానికి అది పెద్ద మొత్తమేమీ కాదు, కానీ ఏ వీధిలో బోరు వేయాలి, ఏ సముదాయ భవనానికి పైకప్పు వేయాలి అని తేల్చేది ఆయనే. శిలాఫలకం మీద పేరు కూడా ఆయనదే.

మూడోది బెంగళూరుకే ప్రత్యేకం, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఈ నగరంలో ఎమ్మెల్యేకు కింద పోటీ లేదు. 198 వార్డుల పాలికెకు, అంటే నగర కార్పొరేషన్‌కు, చివరిసారి ఎన్నికలు జరిగింది 2015లో. ఆ సభ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేరు. మామూలుగా ఎమ్మెల్యేకు రాబోయే ప్రత్యర్థి తయారయ్యేది వార్డులోనే. చెత్త బండి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా జనం పరుగెత్తేది కార్పొరేటర్ దగ్గరకు. ఆ పేరు ఆయన కూడబెట్టుకుంటాడు, ఒకరోజు అసెంబ్లీ టికెట్టు అడుగుతాడు. ఆ మెట్టు తీసేస్తే వీధి దీపం దగ్గర నుంచి ఆసుపత్రి మంచం దాకా అన్నిటికీ గుమ్మం ఒక్కటే మిగులుతుంది. ఎన్నికలు వాయిదా పడటానికి కోర్టు కేసులు, వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ జాబితాలు ఇలా ఎన్ని కారణాలు చెప్పినా, ఈ ఆలస్యం వల్ల నష్టపోయిన ఎమ్మెల్యే ఒక్కరు కూడా నాకు కనిపించలేదు.

మీ రోడ్డు సంగతికి వద్దాం. రోడ్డు అలా ఉన్నా ఆయన ఎలా గెలుస్తున్నారని కదా మీ కోపం. ఆ గుంత ఎవరిదో ఒకసారి ఆలోచించండి. రోడ్డు పాలికెది. తవ్వింది నీళ్ల కోసం జలమండలి కావచ్చు, కేబుల్ కోసం కరెంటు సంస్థ బెస్కాం కావచ్చు, పక్కన మెట్రో పని జరుగుతుంటే మెట్రో సంస్థ కావచ్చు. లేఔట్ ఇంకా అప్పగించలేదంటే నగరాభివృద్ధి సంస్థ బీడీఏ. నిందించడానికి ఇంతమంది ఉన్నప్పుడు ఎమ్మెల్యే మీ పక్కన నిలబడి అధికారులను నాలుగు మాటలు అనవచ్చు. మీరు చప్పట్లు కూడా కొడతారు. ఆయన ప్రతిపక్షంలో ఉంటే ఇంకా సులువు, "ప్రభుత్వం నిధులు ఇవ్వడం లేదు" అంటే సరిపోతుంది. మంచి జరిగితే ఆయన ఖాతాలో పడుతుంది, చెడు జరిగితే సంస్థల ఖాతాలో పడుతుంది. ముఖ్యమంత్రికి ఈ వెసులుబాటు లేదు. అందుకే దెబ్బ ఆయన పార్టీకి తగులుతుంది.

నాలుగోది ఓటింగ్ శాతం. 2023లో రాష్ట్రం మొత్తం మీద 73 శాతం పైగా ఓటేశారు. నగరంలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఓటు వేయకుండా ఇంట్లో ఉన్నవారిలో అపార్టుమెంటువారు ఎక్కువని చెప్పడానికి నాకు సర్వే అక్కర్లేదు, లెక్కింపు బల్ల దగ్గర కనిపిస్తుంది. ప్రతి బూత్ యంత్రం నుంచి సంఖ్య చదివినప్పుడు మేము మా దగ్గర ఉన్న 17-సి కాగితంతో (ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో పోలింగ్ రోజు రాసిచ్చేది) పోల్చుకుంటాం. అపార్టుమెంట్ల బూత్ వచ్చేసరికి మొత్తం చిన్నబోతుంది. వెనుక ఉన్న పాత గ్రామం, కాలనీ బూత్‌లలో నిండుగా ఉంటుంది. తర్వాత బూత్‌ల వారీగా ఫలితాలు ఫారం 20లో అందరికీ అందుబాటులోకి వస్తాయి. దాన్ని ముందేసుకుని ఎర్ర పెన్సిలు, ఆకుపచ్చ పెన్సిలుతో గీతలు గీసే మనుషులు ప్రతి సిట్టింగ్ దగ్గరా ఉంటారు. ఎక్కడ ఓట్లు ఉన్నాయో అక్కడికి పని వెళుతుంది. మీ సంఘం రాసిన మెయిళ్లకు జవాబు రాకపోవడానికి కారణం కొంత అక్కడ ఉంది. కటువుగా ఉందని తెలుసు, కానీ అడిగారు కాబట్టి చెబుతున్నాను.

అమెరికా గురించి త్వరగా చెప్పి ముందుకు వెళతాను. అక్కడి ప్రతినిధుల సభలో మళ్లీ పోటీ చేసినవారిలో నూటికి తొంభైమందికి పైగా గెలవడం మామూలు. 2010లో అధికార పార్టీ 63 స్థానాలు పోగొట్టుకున్న ఎన్నికలో కూడా సుమారు 85 శాతం సిట్టింగులు తిరిగి వచ్చారు. విరాళాలు, పేరు, చాలా రాష్ట్రాల్లో రాజకీయ నాయకులే గీసే హద్దులు, ఇవి అక్కడి కారణాలు. అదే లెక్కను మన దేశానికి వేసినప్పుడు బొమ్మ తిరగబడింది. 1991కి ముందు లోక్‌సభ సిట్టింగులకు కొంత లాభం ఉండేదని, ఆ తర్వాత అది నష్టంగా మారిందని లీ లిండెన్ అనే పరిశోధకుడు చూపించారు. అసెంబ్లీల విషయంలో యోగేశ్ ఉప్పల్ అనే ఇంకో పరిశోధకుడు కూడా సిట్టింగులకు నష్టమే ఉందని తేల్చారు. ఆరోగ్య కేంద్రాలు, ఉపాధి, పేదరికం, తలసరి ఆదాయం వంటివాటిని బట్టి ఆ నష్టం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉందన్నారు. బెంగళూరు లాంటి నగరం ఈ లెక్కకు కొంత ఎడంగా నిలవడానికి కారణం ఇందులో వెతకవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "మళ్లీ గెలిచారు" అంటే "పదవి గెలిపించింది" అని అర్థం కాదు. మంచి అభ్యర్థి మొదటిసారి ఎందుకు గెలిచాడో రెండోసారీ అందుకే గెలవవచ్చు. పదవికి అందులో వాటా ఎంత? అందుకే పరిశోధకులు చాలా తక్కువ ఓట్లతో గెలిచినవారిని, చాలా తక్కువ ఓట్లతో ఓడినవారిని పక్కపక్కన పెట్టి, తర్వాతి ఎన్నికలో వారికి ఏమైందో చూస్తారు. ఇద్దరూ దాదాపు సమ ఉజ్జీలే, మధ్యలో తేడా పదవి ఒక్కటే. ఇంకో చిక్కు కూడా ఉంది. గెలవరనుకున్న సిట్టింగులకు పార్టీలు ముందే టికెట్టు ఎగ్గొడతాయి. మిగిలినవారి గెలుపు శాతం ఆ మేరకు ఎక్కువగా కనిపిస్తుంది. నేను పైన చెప్పిన బెంగళూరు పేర్లకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. రామలింగారెడ్డిగారు 1989 నుంచి, మొదట జయనగర్‌లో, తర్వాత బీటీఎంలో గెలుస్తూ వస్తున్నారంటే అదంతా పదవి మహిమ అనలేం.

"అయితే సిట్టింగులను మార్చేస్తే వ్యతిరేకత పోతుందిగా?" అని పార్టీ ఆఫీసుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. గుజరాత్‌లో బీజేపీ 2021లో మంత్రివర్గం మొత్తాన్ని మార్చి, 2022లో నలభైమందికి అటూ ఇటూగా సిట్టింగులను పక్కనపెట్టి 182లో 156 గెలిచింది. ఢిల్లీలో 2017 కార్పొరేషన్ ఎన్నికల్లో ఉన్న కౌన్సిలర్లు ఒక్కరికీ టికెట్టు ఇవ్వకుండా బీజేపీ గెలిచింది. అది చూసి అందరికీ ఆశ పుట్టింది. కర్ణాటకలో 2023లో అదే పార్టీ అదే మందు వాడింది, జగదీశ్ శెట్టర్ లాంటివారే అలిగి వెళ్లిపోయారు, ఓడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైసీపీ పదుల సంఖ్యలో ఎమ్మెల్యేలను తప్పించింది, కొందరిని పక్క నియోజకవర్గాలకు పంపింది, 175లో 11 మిగిలాయి. తెలంగాణలో కేసీఆర్ దానికి పూర్తిగా వ్యతిరేకంగా నడిచారు. 2018లో దాదాపు అందరు సిట్టింగులకూ టికెట్లిచ్చి 88 గెలిచారు, 2023లో ఏడుగురిని మాత్రమే మార్చి 39 దగ్గర ఆగారు. మార్చినా ఓడవచ్చు, మార్చకపోయినా ఓడవచ్చు. పైన కోపం ముఖ్యమంత్రి మీద ఉంటే కింద ముఖాలు మార్చి లాభం తక్కువ. పక్క ఊరికి పంపడమైతే శుద్ధ దండగ. ఉన్న పుస్తకం, ఉన్న టిక్కులు అన్నీ పాత చోటే ఉండిపోతాయి.

పార్టీ మారినవారి సంగతి కూడా ఇందులోకే వస్తుంది. 2019లో కాంగ్రెస్, జేడీఎస్ ఎమ్మెల్యేలు కొందరు పదవులు పోగొట్టుకుని డిసెంబరు ఉప ఎన్నికల్లో బీజేపీ తరఫున నిలబడ్డారు. 15 స్థానాల్లో 12 బీజేపీకి వచ్చాయి. కె.ఆర్. పురంలో బైరతి బసవరాజు, యశవంతపురలో సోమశేఖర్, మహాలక్ష్మి లేఔట్‌లో గోపాలయ్య గుర్తు మారినా గెలిచారు. 2023లో ఆ పార్టీ రాష్ట్రమంతా ఓడినా వీరు మళ్లీ గెలిచారు. నగరం పొలిమేర దాటగానే కథ మారింది. హొసకోటలో ఇలాగే పార్టీ మారిన ఎం.టి.బి. నాగరాజు 2019లో స్వతంత్ర అభ్యర్థి చేతిలో, 2023లో మళ్లీ అదే ప్రత్యర్థి చేతిలో ఓడారు. చిక్కబళ్లాపురలో వారితో పాటే పార్టీ మారి ఆరోగ్యమంత్రిగా ఉన్న సుధాకర్ 2023లో ప్రదీప్ ఈశ్వర్ చేతిలో ఓడారు. ప్రదీప్ ఈశ్వర్ కోచింగ్ నడిపే యువకుడు, మొదటిసారి పోటీ. వీడియోల వల్ల అప్పటికే ముఖం అందరికీ తెలుసు కాబట్టి, మా డాక్టరుగారిలా పరిచయ కరపత్రాల మీద డబ్బు పోయాల్సిన పని లేకపోయింది.

సిట్టింగ్ ఓడడానికి ఎంత చాలునో తెలియాలంటే 2023 జయనగర్ చూడండి. సిట్టింగ్ ఎమ్మెల్యే సౌమ్యారెడ్డి 16 ఓట్లతో ఓడారు. ఒక అపార్టుమెంటు బ్లాకులో రెండు అంతస్తులవారు ఇంట్లో ఉండిపోతే పోయే ఓట్లు అవి.

ఇప్పుడు మీ కార్పొరేషన్ ప్రశ్న. ఆశ పెట్టుకోవచ్చు. అసెంబ్లీ కంటే ఇక్కడే ఎక్కువ పెట్టుకోవచ్చు. నేను పైన చెప్పిన లాభాలు వార్డులో చాలావరకు చెల్లవు. పాత 198 వార్డుల పటం పోయింది, 2025లో నగరాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. 2015లో గెలిచినవారికి తమ పాత వార్డు ముక్కలై నాలుగు చోట్ల కనిపిస్తుంది. పైగా వార్డుల రిజర్వేషన్ మారుతూ ఉంటుంది, సగం వరకు స్త్రీలకు. పాత కార్పొరేటర్ నిలబడదామన్నా ఆ వార్డు ఆయనకు దొరకకపోవచ్చు. అప్పుడు భార్యనో వదిననో నిలబెడతారు. అందులో కొంత పేరు పనిచేస్తుంది, కానీ టిక్కుల పుస్తకం మనిషి నుంచి మనిషికి పూర్తిగా బదిలీ కాదు. వార్డు చిన్నది, కాలినడకన తిరగవచ్చు, పరిచయానికి మైకు అక్కర్లేదు.

మీకు అడ్డం వచ్చేది ఎమ్మెల్యే. వార్డులో తన మనిషి ఉండాలని ఆయన గట్టిగా కోరుకుంటాడు, ఆ పుస్తకాన్ని ఆ మనిషికి అరువిస్తాడు. కాబట్టి మీ అభ్యర్థి ఎమ్మెల్యే మీద యుద్ధం ప్రకటించకుండా వార్డు పనుల గురించే మాట్లాడటం మంచిది. మీ గేటు లోపలి ఓట్లతో మాత్రమే గెలుద్దామని అనుకోవద్దు. మీ వెనుక కాలనీలో పాలవాడు, ఇస్త్రీ బండి ఆయన, మీ సెక్యూరిటీ మనిషి, మీ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఓటు తప్పకుండా వేస్తారు. వారి వీధిలో నీళ్లు ఎప్పుడు వస్తాయో మీ అభ్యర్థికి తెలియకపోతే నామినేషన్ వేయవద్దు.

అన్నిటికంటే ముందు మీ సంఘంలో ఎంతమంది పేర్లు ఇక్కడి ఓటరు జాబితాలో ఉన్నాయో చూడండి. కార్పొరేషన్ జాబితాకు ఆధారం అసెంబ్లీ జాబితాయే. మన తెలుగువాళ్లలో చాలామందికి ఓటు ఇంకా మదనపల్లెలోనో, అనంతపురంలోనో, పలమనేరులోనో ఉంటుంది. 2024 మే నెలలో బస్సులు పట్టుకుని అక్కడికి వెళ్లి ఓటేసి వచ్చారు, బెంగళూరు రోడ్డు గురించి మాత్రం ఇక్కడ తిట్టుకుంటారు. రెండు చోట్లా ఓటు ఉండటం చట్టం ఒప్పుకోదు. ఇక్కడ కావాలనుకునేవారు చిరునామా మార్పు కోసం ఫారం 8, కొత్తగా నమోదయ్యే పిల్లలు ఫారం 6 పెట్టుకోవాలి. షెడ్యూలు వచ్చేదాకా ఆగవద్దు, అప్పటికి జాబితా ముగిసిపోతుంది. బ్లాకుల వారీగా ఒక కాగితం తీసుకుని ఈ పేర్లు రాయడం మొదలుపెట్టండి, ఫ్లాటు నంబరు పక్కనే బూత్ నంబరు కూడా.